మావయ్యకు వినబడని సుత్తి

నగరంలో బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో, ఒక మేడ మీది గదిలో, శనివారాలు సౌండ్ డిజైన్ నేర్చుకునేదాన్ని. నా మొదటి ట్రాక్ విని మాస్టారు, "డ్రమ్ములన్నీ ఇంటర్నెట్‌లో దొరికినవే. నువ్వు చెవులారా విన్న చప్పుడు ఒక్కటి పట్టుకురా" అన్నారు. ముప్పై నాలుగేళ్ళ వయసులో బడిపిల్లలా తల వంచుకున్నాను.

గుర్తొచ్చింది హుటాన్ మెలింటాంగ్ అనే రేవు ఊళ్ళో మావయ్య సుత్తి. అమ్మకు అన్న. చేపల పడవలు బాగుచేసే షెడ్డులో బతుకంతా పనిచేశాడు. పలకల సందుల్లో నార కూరి, ఇనప ఉలి ఆనించి, కొయ్య సుత్తితో కొట్టడం ఆయన పని. సందు సరిగా నిండకపోతే పడవలోకి నీళ్ళొస్తాయి. మోకాళ్ళ నొప్పులని చెప్పి రెండేళ్ళ కిందట మానేశాడు.

బస్సెక్కి వెళ్ళి అడిగితే ఒప్పుకోలేదు. "ఇప్పుడు నానేటి కొడతానమ్మా. అక్కడ ఇంకొకతను సేస్తన్నాడు, ఎల్లి అడుగు."

ఆ కొత్త పనివాడు కాదనలేదు. మైకు దగ్గరగా పట్టుకుని అరగంట రికార్డు చేశాను. మావయ్య ఇంటికొచ్చి, దెబ్బకు దెబ్బ విడగొట్టి, ఒక్కో దెబ్బనూ వెంట తెచ్చుకున్న కీబోర్డులో ఒక్కో మీటకు అమర్చాను. హెడ్‌ఫోన్లు మావయ్య చెవులకు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.

"బాగుంది లా" అన్నాడు, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

నేనింకా మీట నొక్కనే లేదు.

ఆయనకు ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగాను. "మావయ్యా, ఏటి ఇనబడ్డాది?"

నా పెదాలకేసి చూశాడు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మోకాళ్ళు కాదమ్మా" అన్నాడు చివరికి. "సందు నిండితే ఉలి కంగుమంటాది. ఆ కంగు నాకు ఇనబడ్డం మానేసింది. అది తెలీకుండా కొడితే, పడవెక్కినోళ్ళు ఏటైపోతారు? మీ అత్తకి కూడా సెప్పనేదు."

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఆయన చూడలేదు.

నాకు తెలిసిన పని చేశాను. సన్నటి శబ్దాలు పోయినా బొంగురు శబ్దాలు ఆయనకు వినబడుతూ ఉండొచ్చని, దెబ్బలన్నిటి శ్రుతినీ బాగా కిందికి దించాను. మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టి, ఈసారి మీట నొక్కాను. ఆయన వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి.

"ఆ ఎనకది మళ్ళీ ఎయ్యి." వేశాను. "ఇది బోలుగుంది. ఇక్కడ నార సాల్లేదు. అతనికి సెప్పాల."

ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. నా రికార్డింగులోని వరసను బట్టి ఆ చోటు వెతికాం. పనివాడు చాకుమొన పెట్టి చూస్తే సులువుగా దిగిపోయింది. అతను పాత నార పీకి, మావయ్య వేలు పెట్టి చూపిస్తుంటే మళ్ళీ కూరాడు.

తర్వాతి నెలలో అత్త ఆయన్ని క్లినిక్‌కు తీసుకెళ్ళి చెవి మిషన్ పెట్టించింది. మాటలు వినబడుతున్నాయి గానీ ఉలి మోగడం మునుపటిలా లేదట. పనిలోకి మళ్ళీ వెళ్ళలేదు. ఆ దెబ్బలను దించిన శ్రుతిలోనే ఉంచి ట్రాక్ పూర్తిచేశాను. ఇంత కిందికి ఎందుకు దించావని మాస్టారు అడిగారు. మావయ్యకు వినబడేది అక్కడేనని చెప్పాను.