ఎవరి చేతిలోంచి పిలవాలి

అమెరికా జనరల్ స్టిల్‌వెల్ పేరు చైనాలో బర్మా సరిహద్దున ఉన్న మా టెంగ్‌చోంగ్‌లో ఎవరికీ నోరు తిరగదు. అందరం షిదివెయ్ అనే అంటాం. సైయున్ ముందు మాత్రం ఆ పేరు ఎత్తకూడదని వీధి వీధంతటికీ తెలుసు. పొరపాటున ఎత్తారా, ఇక అంతే సంగతులు. "నా మొగుణ్ణి అడవికి మేత వేసి, తాను ఇండియాకి చల్లగా నడిచిపోయిన ముసలాడు" అని అందుకునేది. బేరానికి వచ్చినవాళ్ళు రొట్టె తీసుకోవడం కూడా మరిచిపోయి వినేవారు. బియ్యప్పిండి రొట్టెలు కాల్చి అమ్ముకుని బతికిన మనిషి. పెనం వేడి కంటే నోటి వేడే ఎక్కువ.

ఆమె కోపంలో న్యాయం లేదని ఎవరంటారు? పెళ్ళి పసుపు ఆరకముందే అనడానికి మా దగ్గర పసుపు లేదు గానీ, పెళ్ళినాటి ఎర్ర కాగితాలు తలుపు మీద ఇంకా వెలిసిపోలేదు, అప్పుడు పోయాడు యాన్‌ఫు. కంచరగాడిదల మీద బర్మాకి సరుకు తోలే బిడారు మనిషి. జపాన్‌వాళ్ళు బర్మాలోకి దిగిన ఏడు, మన సైన్యం సామాను మోయడానికి బిడార్లని కుదుర్చుకుంది. యాన్‌ఫు, అతని తమ్ముడు లావ్‌సాన్ ఇద్దరూ బయల్దేరారు. అక్కడ మన దండు మీద పెద్దగా కూర్చున్నది షిదివెయ్. యుద్ధంలో ఓడిపోయాం, దండు చెల్లాచెదురైంది. వెనక్కి వచ్చే దారిలో అడవిమనుషుల కొండలు. వాన, జలగలు, ఆకలి. అందులో పోయినవాళ్ళని లెక్క పెట్టినవాడు లేడు.

యాన్‌ఫు రాలేదు. లావ్‌సాన్ వచ్చాడు. అదీ ఎలా వచ్చాడు? ఇండియాలో షిదివెయ్ పెట్టిన శిబిరంలో మాంసం తిని, సూదులు పొడిపించుకుని, తుపాకీ పట్టడం నేర్చుకుని, బుగ్గలు నింపుకుని, తోలు బూట్లు వేసుకుని వచ్చాడు. ఆ బూట్లు చూసి సైయున్ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తరవాత ఇద్దరూ ఒకే చూరు కింద ముసలివాళ్ళయ్యారు. అతను కట్టెలు కొట్టిపెట్టేవాడు, ఆమె అన్నం వండిపెట్టేది. షిదివెయ్ మాట మాత్రం ఆ పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఇప్పుడు ఆమెకి కాలం దగ్గరపడింది. శవపేటిక ఎప్పుడో చేయించుకుంది, అటక మీద ఉంది. కొండవాలున దువాన్ వంశంవారి జాగాలో మొగుడికీ పెళ్ళానికీ పక్కపక్కనే రెండు గోతుల చోటు ఉంది. తన చోటు గురించి బెంగ లేదు. పక్కది ఖాళీ. దేహం దొరకనివాడి ఆత్మనైనా పిలిచి, అతని చొక్కాలోకి రప్పించి పాతిపెడితే తప్ప అది అతని చోటు కాదు. నడుమ చాలా ఏళ్ళు ఈ పిలుపులన్నీ మూఢనమ్మకాలని సర్కారువాళ్ళు ఆపించారు. ఈ మధ్యనే మళ్ళీ ఎవరైనా పిలిపించుకున్నా అడగడం మానేశారు. ఆ సందు చూసుకుని సైయున్ జావో పోపోకి కబురుపెట్టింది. ఆత్మల్ని పిలిచే ముసలమ్మ, ఆ గొంతుకి కుక్కలు కూడా అరవడం మానేస్తాయి.

పోపో వచ్చి, టీ తాగి, చొక్కా చూసి, అసలు మాట అడిగింది.

"ఎవరి చేతిలో ఉన్నాడు వాడు?"

"అంటే?"

"పరాయి నేల మీద పోయినవాణ్ణి ఎవరో ఒకరు పట్టుకునే ఉంటారమ్మా. లాక్కుపోయినవాళ్ళ పేరు పెట్టి, ఇక వదులు అని అడగాలి. పేరు తప్పితే వాడు కదలడు. ఒక్కసారే పిలుస్తాను. నా గొంతు ముసలిదైపోయింది, రెండోసారికి రాదు."

"పేరుకేం కరువు! షిదివెయ్ అని పిలు. ఆ పేరు ఎన్నిసార్లు అన్నానో ఈ గోడల్ని అడుగు."

పొయ్యి దగ్గర లావ్‌సాన్ టీ గిన్నె కింద పెట్టాడు. "ఆ పేరు వద్దు వదినా."

"ఎందుకు వద్దూ? నీకు బూట్లు ఇచ్చాడనా?"

"బూట్లూ ఇచ్చాడు. మా జీతం అధికారుల చేతికి కాకుండా మా చేతికే ఇప్పించాడు. మన సైన్యంలో అంతకుముందు అది ఎవడు చేశాడు?"

"ఓహో! ఇంకా చెప్పు. పూజ చేద్దాం."

"పూజలేం వద్దు. బర్మాలో మిచ్చీనా ఊరు పట్టుకోవాలని వానలో, బురదలో మమ్మల్ని నెలల తరబడి తోశాడు. నా పక్కన పడుకున్నవాళ్ళు లేవలేదు. ఆ మనిషికి కోపమెక్కువ, నోరు చెడ్డది, మన దండు పెద్దల్ని మనుషులుగా చూడలేదు. దండుని వదిలి తాను ముందు వెళ్ళిపోయాడన్న మాట కూడా అబద్ధం కాదు. అదంతా ఒప్పుకుంటాను. కానీ మా అన్నని ఆ కొండల్లోకి పొమ్మన్నది ఆయన కాదు. పడమటికి రండి, ఇండియాకి రండి అన్నాడు. ఉత్తరానికి, ఇంటికి పదండి అన్నది మన పెద్దలు."

"మరి వాళ్ళ పేరే చెప్పు!"

లావ్‌సాన్ పొయ్యిలో కట్టె సర్దాడు. అది ఇంకా పూర్తిగా సర్దుకోలేదని మళ్ళీ సర్దాడు. పోపోకి ఒళ్ళు మండింది. "చెప్పేదేదో చెప్పవయ్యా, పొద్దు వాలుతోంది."

"దండువాళ్ళకైతే ఆజ్ఞ. మేం కూలికి వెళ్ళిన బిడారువాళ్ళం, మమ్మల్ని అప్పటికి అడిగేవాడే లేడు," అన్నాడు. "దారి చీలిన చోట ఇద్దరం నిలబడ్డాం. పడమటికి పోయే పటాలం వెంట పోదాం అన్నాను నేను. అన్న వినలేదు. దారి తెలీనప్పుడు బిడారువాళ్ళం ఏం చేస్తాం వదినా? ముందు నడిచే కంచరగాడిద తాడు వదిలేస్తాం. అది ఎటు తిరిగితే అటు. అన్న ఎర్రకుచ్చు తాడు వదిలాడు."

ఎర్రకుచ్చు అంటే సైయున్ పుట్టింటి నుంచి వచ్చిన ఆడ కంచరగాడిద. నుదుటి మీద అద్దం, ఎర్ర కుచ్చు కట్టింది ఆమే. రోజూ అరచేతిలో ఉప్పు పెట్టి నాకించేది.

"అది ఒక్క క్షణం ఆగలేదు. ఇంటివైపు తిరిగింది. అన్న నవ్వాడు. 'చూశావా, దీనికి మీ వదిన చేతి ఉప్పు గుర్తొచ్చింది, నాకూ గుర్తొచ్చింది' అన్నాడు. ఆ కొండలో ఏ గాడిదా నడవదని ఇద్దరికీ తెలీదు. ఇక్కడ మన ఊళ్ళో అప్పటికే జపాన్‌వాళ్ళు కూర్చున్నారనీ తెలీదు. వెళ్ళిపోయాడు."

"ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?" అంది సైయున్. "నేను ఆ ముసలాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటే విన్నావు!"

"విన్నాను. ఆయన్ని తిట్టుకుంటూ బతికావు వదినా. నిన్ను నువ్వు తిట్టుకుంటే బతికేదానివా?"

సైయున్ కొంగుతో ముఖం కప్పుకుందనడానికి మా ఆడవాళ్ళకి కొంగుండదు. ఏప్రన్ ఎత్తి అందులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లావ్‌సాన్ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు, చేయి వేయలేదు. ఏం చేయాలో తెలియక పోపో తన టీ తానే మళ్ళీ పోసుకుంది. షిదివెయ్ మంచివాడా చెడ్డవాడా అన్నది పెద్ద పెద్దవాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఇంట్లో ఆ పూట అది తేలకుండానే పక్కకి జరిగిపోయింది.

వెలుతురు పూర్తిగా పోకముందే వీధి తలుపు తీశారు. గడప మీద బియ్యం గిన్నె, దాని మీద యాన్‌ఫు పాత చొక్కా. పోపో కొండలవైపు తిరిగి గొంతెత్తింది. నదులు, కనుమలు, ఊళ్ళు ఒక్కొక్కటే పేరు పెట్టి దాటిస్తూ, దువాన్ యాన్‌ఫుని గుమ్మం దాకా నడిపించింది. వీధిలో వాళ్ళంతా పనులు ఆపి నిలబడ్డారు. అందరూ ఆ ఒక్క పేరు కోసమే చెవులు రిక్కించారు, అది ఏ పేరో తమకి తెలుసనుకుని.

"ఎవరి చేతిలో ఉన్నాడు?" అని అడిగింది పోపో.

సైయున్ ముందుకొచ్చి చొక్కా చేతిలోకి తీసుకుంది.

"యిన్ సైయున్ చేతిలో," అంది, తన పుట్టింటి ఇంటిపేరు కలిపి.

వీధిలో ఎవరో అబ్బా అన్నారు. పోపో ఆమెకేసి ఒకసారి చూసి, పిలుపు తీరు తప్పకుండా, అదే గొంతుతో అడిగింది.

"యిన్ సైయున్, ఇక వదులు."

"వదిలాను," అంది సైయున్. "లోపలికి రా."