కారు చూడ్డానికొచ్చి నిద్రపోయిన ఆసామి

నేను రాజమండ్రిలో ఒక కార్ల షోరూములో టెస్ట్ డ్రైవ్ బండ్లు నడుపుతాను. ఈ రోజు భీమవరం నుంచి ఒక రొయ్యల చెరువుల ఆసామి పెద్ద సెడాన్ కొనడానికి వచ్చాడు. మావాళ్లు ఇంజిన్ గురించి చెప్పేది ఏదీ వినలేదు. చెప్పులు విడిచి, వెనక సీట్లో బాసింపట్టు వేసుకుని, "పోనీ అబ్బాయ్" అన్నాడు. గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి గురక మొదలైంది. లేపితే బేరం పోతుందేమోనని, గోతులు తప్పించుకుంటూ నిడదవోలు దాకా పోయి వచ్చాను.

గేటు దగ్గరే మేనేజరు పట్టుకున్నాడు. "రెండు గంటలు ఎక్కడ ఊరేగావురా? రేపట్నుంచి రాకు."

ఆ అరుపుకి ఆసామి లేచాడు. "మూడు షోరూముల్లో బళ్లెక్కానండి, ఎక్కడా కునుకు పట్టలేదు. ఇదే తీసుకుంటాను. నడిపిన అబ్బాయిని కూడా పంపించేయండి."

"తప్పకుండానండి" అన్నాడు మేనేజరు. లారీల మీద తిరిగి నా అంతట నేను నేర్చుకున్న డ్రైవింగు, వీడు బండితో పాటు స్టెప్నీ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది.

"నేను రానండి" అన్నాను.

"అయితే ఆ అబ్బాయి ఒప్పుకున్నాకే కబురు చెయ్యండి, బండి అప్పుడే తీసుకుంటాను" అని ఆసామి వెళ్లిపోయాడు.

అప్పుడు మేనేజరు నా భుజం మీద చెయ్యేసి, "బాబూ, టీ తాగుతావా" అన్నాడు. రెండు టీలు తాగి, ఆలోచించి చెబుతానన్నాను. ఎన్నాళ్లు ఆలోచించమంటారో మీరే చెప్పండి.