పాప మాట కోసం కొత్త స్పీకర్లు

మా ఆయన పికప్పులో స్టీరియో మార్పిస్తానన్నప్పుడు, "ఏం, పెండ్లి ఊరేగింపుకేమన్నా తోల్తాండావా బండి?" అన్నాను. టమాటా బాక్సులు మోసే బండికి ఆ సోకులెందుకని నా బాధ. "పాప మాట సరిగా ఇనపడల్యామే. అంతా ముద్దముద్దగా వస్తాండాది" అన్నాడు.

పాప అంటే మా ఒక్కగానొక్క కూతురు. ధర్మవరంలో చీరలు నేసేవాళ్ల ఇంటికి ఇచ్చాం. పెళ్లయిన కొత్తలో ఫోను చేస్తే నాయనకే చేసేది, నాకు కాదు. నాకు చేస్తే ఏదో ఒకదానికి తిడతానని దానికి తెలుసు. ఆయన శింగనమల పక్కనించి సరుకు ఎత్తుకుని అనంతపురం మార్కెట్టుకు పోతూ, వస్తూ ఫోనును స్టీరియోకు కలుపుకునేవాడు. అత్త ఏం కూర చేసింది, ఏ రంగు చీర మగ్గమెక్కింది, మొగుడు ఏ మాటకు అలిగాడు, అన్నీ ఆ కేబిన్లోనే. మా ఇంటి కబుర్లు నాకంటే ఆ బండికే ఎక్కువ తెలుసు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి మాట తగ్గించేశాడు. బండిలో ఉంటే ఫోనే ఎత్తడు, ఇంట్లో ఉన్నప్పుడు పాప చేస్తే, "తిన్యావా? సరే, మీయమ్మకిస్తా" అని నా చేతిలో పెట్టేవాడు. ఒకరోజు అది నా దగ్గర ఏడ్చేసింది. "నాయనకు నామీద కోపమేమోమా. ఏం చెప్పినా పలకడు. నేనేం చేసినానో అన్నా చెప్పమను" అంది. నాకు ఒళ్లు మండిపోయి ఆయన్ని నిలదీశాను. కన్నబిడ్డను అట్లా ఏడిపిస్తావా, నీకు మనసనేది ఉందా లేదా అని. అప్పుడే తప్పంతా స్టీరియోదే అన్నాడు. బండి కొన్నప్పటి పాత సరుకు, లోపల దుమ్ము పట్టిపోయింది, మంచివి వేయించుకుంటే మళ్లీ మునపటిలా మాట్లాడుకోవచ్చు అని. ఈ ఎర్ర దుమ్ములో మనుషులే బొంగురు పోతున్నారు, స్పీకర్లు పోవా అని నేనూ నమ్మాను.

టౌనుకు నేనూ తోడు బయల్దేరాను. లేకపోతే షాపులో ఉన్నవన్నీ బండికి తగిలించుకుని వస్తాడు కదా. బండ్లకు స్టీరియోలు బిగించే ఆ షాపు ఒక భాయ్‌ది. మర్యాద తెలిసిన మనిషి. నన్ను అక్కా అని పిలిచి, కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పాడు. పాత స్టీరియో పీకితే దాని వెనక నుంచి పిడికెడు మట్టి రాలింది. "చూడు, నేను చెప్పల్యా?" అని మా ఆయన నా వైపు గెలిచినట్టు చూశాడు. నాకూ సంతోషమైంది. మట్టిని చూసి సంతోషపడటం అదే మొదలు.

కొత్త స్టీరియో బిగించాడు, రెండు తలుపులకూ పెద్ద స్పీకర్లు బిగించాడు. పాట పెడితే కేబినంతా దద్దరిల్లింది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "సౌండు వస్తాండాది భాయ్. మాట ఇనపడల్యా" అన్నాడు. భాయ్ ఏవో తిప్పాడు. ఊహూఁ. ఆడమనిషి పాడే పాట పెట్టాడు. ఊహూఁ. "సరేన్నా, ట్వీటర్లు ఏస్తా. మాట అద్దంలా వస్తాది" అని రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి రెండు తెచ్చి, అద్దం పక్కన బిగించాడు. సన్న సౌండంతా వాటిలోంచే వస్తుందట. వాటి సత్తా చూపిద్దామని పెద్ద స్పీకర్లు కట్టేసి, ఆ రెండింటినే ఫుల్లుగా పెట్టాడు.

అబ్బా, చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. నేను కొంగుతో చెవులు మూసుకున్నాను. పక్క టైర్ల షాపులో వాళ్లు తలలు బయటపెట్టి, "ఏమప్పా అది, ఆపండి!" అని కేకలేశారు. మా ఆయన మాత్రం సీట్లో కుదురుగా కూర్చుని, చేయి స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురు చూస్తున్నాడు. కాసేపాగి, "పెట్టు భాయ్, ఇంగా పెట్టల్యా?" అన్నాడు.

భాయ్ పాట ఆపేశాడు. నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. "అన్నా, బండి తోలకముందు ఏం పని చేస్తాంటివి?" అని దగ్గరికి వచ్చి గట్టిగా అడిగాడు.

"బోరు బండి మీద" అన్నాడు మా ఆయన.

మా సీమలో ఆ మాట ఎవరికి చెప్పినా విడమరిచే పని లేదు. వయసులో ఉన్నన్నాళ్లూ ఆయన బోర్లు వేసే బండి మీదే బతికాడు. ఆ కంప్రెషరు మోతకు పక్క చేలో మేకలు కూడా నిలబడవు. ఒకసారి అన్నం క్యారియరు ఇచ్చి వద్దామని పోయి, చెవుల్లో దూది పెట్టుకోకూడదా అని అరిచాను. "చెవులు మూసుకుంటే నీళ్లు పడినేది ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. లోపల రాయి మారితే, తడి తగిలితే, మోత మారుతుందట. అది పట్టుకునే చెవి ఈయనదేనని రైతులు పేరు పెట్టి పిలిపించుకునేవాళ్లు. ఇక్కడ నీళ్లు పడిన బోర్లకంటే తెల్ల దుమ్ము లేచినవే ఎక్కువ. దుమ్ము లేచినా ఆపమనరు. ఇంకొంచెం అన్నా, ఇంకొంచెం అని రైతు కాళ్లా వేళ్లా పడుతుంటే, ఈయన పైపు పక్కన చెవి వంచి నిలబడేవాడు. ఎవరెవరి చేలలోనో లేని నీళ్ల కోసం విని విని, నా బిడ్డ మాట వినాల్సిన చెవులు అక్కడ పెట్టి వచ్చాడు. ఎవరిని తిట్టాలి నేను? వాన రాని మబ్బును తిట్టాలా?

తర్వాత చెవుల డాక్టరు చెప్పింది కూడా అదే. పోయింది రాదు, ఉన్నదీ నిలుస్తుందని చెప్పలేను అన్నాడు. ఆ రోజు షాపులో మాత్రం భాయ్ మెల్లగా, "వద్దంటే అన్నీ విప్పేస్తా అక్కా" అన్నాడు. నేను మా ఆయన చెవి దగ్గరికి పోయి ఆ మాట చెప్పాను. "ఉండనీ. కొత్తవి ఏపిస్తాండానని పాపకు చెప్పినా" అన్నాడు ఆయన.

టౌను దాటాక పాప ఫోను చేసింది. బండి పక్కకు తీసి, ఇంజను ఆపాడు. "నాయనా, బిగించినారా?" అన్న మాట అద్దం పక్క నుంచి ఎంత తేటగా వచ్చిందంటే, దాని గాజుల చప్పుడు కూడా నాకు వినిపించింది. మా ఆయన తలుపు వైపు ఒరిగి, కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్కసారిగా ఆయన మొహం విప్పారింది. "మగ్గం ఇనపడతాండాదే!" అన్నాడు. వెనక ఎవరో నేస్తున్నారు. ఆ దడ్ దడ్ చప్పుడు ఆయనకు అందుతోంది. దాని ముందు కూర్చుని మాట్లాడుతున్న కూతురు అందడం లేదు.

పాప మొదలుపెట్టింది. గులాబీ అంచు చీర పూర్తయిందంట, అత్త మెచ్చుకుందంట, ఆ రంగు కలపమన్నది తానేనంట. దానికి ఊ కొట్టేవాళ్లు ఉండాలి. చిన్నప్పుడు ఆయన పక్కన పడుకుని కథ చెబుతూ, ఊ అనకపోతే మొదటి నుంచి మొదలుపెట్టేది. ఇప్పుడూ మధ్యలో ఆగింది. నాకేం తోచిందో, ఆయన మోకాలి మీద తట్టాను. ఆయన నా వైపు చూసి, "ఊ" అన్నాడు. పాప అందుకుంది. అది ఆగినప్పుడల్లా నేను తట్టాను, ఆయన ఊ కొట్టాడు. ఒకచోట అది నవ్వితే నేనూ నవ్వు మొహం పెట్టాను. ఆయన నన్ను చూసి గట్టిగా నవ్వాడు.

చివర్లో, "అమ్మా, స్పీకర్లు శానా బాగుండాయి. ఎన్నాళ్లకో నాయన నా మాటంతా ఇన్యాడు" అని మురిసిపోయి పెట్టేసింది.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఎందుకేడుస్తాండావు? ఏమన్యాది పాప?" అన్నాడు కంగారుగా.

"నువ్వంతా ఇన్యావంట!" అని ఆయన చెవిలో అరిచాను.

ఆయన చేయి తాళం మీదికి పోయింది.

"అట్లే అనుకోనీ" అని బండి స్టార్ట్ చేశాడు.