నేల మీకు, గోడ మాకు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. ఫోన్ చేసిన బావ ఎక్కువ మాట్లాడలేదు. "అమ్మ పోయింది. నిద్రలనే పోయింది. నువ్వు జర నిమ్మళంగ రా" అని పెట్టేశాడు. పాలమూరు నుంచి నారాయణపేట దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. పేట దాటి కొంచెం దూరం పోతే మా ఊరు. ఇది మాత్రం ఏడుస్తూ రాయను. అట్లా రాస్తే ఆమె ఊరుకోదు. కన్నీళ్ల నవలలంటే మా అత్తకు ఒళ్లు మంట. "పేజీ పేజీకి ఏడ్చుకుంట కూసుంటే కథ ఎప్పుడు నడువాలె?" అనేది.

మా నాన్నకు ఆమె అక్క. మాది మగ్గాల వీధి. మామ చీరలు నేసేవాడు, అత్త రాట్నం ముందు కూర్చుని నేతకు కావాల్సిన నూలు కండెలు చుట్టేది. బడికి పోయింది ఐదో తరగతి దాకానే. అయితేనేం, మా ఊరి లైబ్రరీలో కథల పుస్తకం అనేది ఆమె చేతిలో పడకుండా మిగల్లేదు.

డిటెక్టివ్ నవలంటే ప్రాణం. దాని తర్వాత జానపద నవల, రాకుమారుడూ మాంత్రికుడూ గుహలూ ఉండాలి. ఆ తర్వాత యాత్రల పుస్తకాలు. మంచు కొండలెక్కినవాళ్ల పుస్తకం చదివినన్నాళ్లూ మండుటెండలో కొంగు నిండా కప్పుకుని కూర్చునేది. చరిత్ర పుస్తకాలతో ఎప్పుడూ పేచీయే. రాజులు ఏం తిన్నారో రాస్తారు గానీ గిన్నెలు ఎవరు తోమారో రాయరని ఆమె ఫిర్యాదు. కవిత్వాన్ని మాత్రం ఏమీ అనేది కాదు. అది జావ లాంటిదట, పానం బాగలేనప్పుడు కొంచెం కొంచెం తాగాలట.

నాకేమో దయ్యాల కథలు ఇష్టం. ఇప్పటికీ అంతే. దాని మీద మా ఇద్దరికీ తెగని పంచాయితీ. ఒకరోజు చేతిలో కండె పక్కన పెట్టి మరీ చెప్పింది. "దయ్యం పగలు రాదు పిల్లా. గదే దాని చాతగానితనం. ఖూనీ చేసినోడు పగటిపూటనే మన పక్కపొంటి కూసొని చాయ్ తాగుతడు. ఎవలకు భయపడాల్నో నువ్వే చెప్పు." నేను విన్నాను గానీ, పంతం మాత్రం వదల్లేదు.

ప్రేమ నవలలు తాను ముట్టనని అందరితో చెప్పేది. నూలు చిలపల కట్టల మధ్య నాకొకటి దొరికింది. ఇదేందత్తా అంటే, మీ మామ చదువుతున్నడు అంది. మా మామకు సంతకం తప్ప ఒక్క అక్షరం రాదు. నేను పడీ పడీ నవ్వితే, మొహం అటు తిప్పుకుని తనూ నవ్వింది.

మధ్యాహ్నం తిన్నాక వీధిలో ఆడవాళ్లంతా రాట్నాలు పట్టుకుని మా అత్త ఇంటి ముందు పందిరి కిందికి చేరేవారు. ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు చుట్టాలి. చదివే మనిషి వంతు కండెలు తక్కినవాళ్లు చుట్టి పెట్టేవారు. అది మా వీధి కట్టడి. ఉత్కంఠ ఎక్కువైన చోట రాట్నాలు వాటంతట అవే ఆగిపోయేవి. అప్పుడు లోపలి నుంచి మామ కండెలేవని కేకేసేవాడు. అత్త వినిపించుకుంటే కదా!

పుస్తకం అయిపోయిన రోజు ఇంకో పని చేసేవారు. విన్న ప్రతి మనిషీ తన రాట్నం మీది నూలు నుంచి ఒక పోగు తెంపి పుస్తకం కుట్టులో ముడి వేసేది. సగం పుస్తకాలకు అట్టలుండవు, పేర్లుండవు. ఒకసారి విన్నదే మళ్లీ తెచ్చుకోకుండా అదొక గుర్తు. పుస్తకాలు ఖరాబు చేస్తున్నారని లైబ్రరీ సారు మొదట్లో కసురుకున్నారు. తర్వాత ఆయనే అలవాటు పడ్డారు.

ఇంత తెలివైన వీధి ఒక తెలివితక్కువ పని చేసింది. అందరూ కలిసి వినేది ఒక్కటే పుస్తకం కదా, ఇంకో కార్డు దేనికని ఎవరూ సభ్యత్వం తీసుకోలేదు. ఏళ్ల తరబడి పుస్తకాలన్నీ అత్త కార్డు మీదనే వచ్చాయి, పోయాయి.

తెలంగాణ వచ్చింది. నోటిఫికేషన్లు పడతాయన్న ఆశతో చుట్టుపక్కల పిల్లలంతా మా లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదవడం మొదలుపెట్టారు. కుర్చీలు చాలలేదు. మెట్ల మీద కూర్చున్నారు, బీరువాల సందుల్లో కూర్చున్నారు. పాపం, ఆ పిల్లల కష్టమూ కష్టమే. చివరికి కథల బీరువాలు ఖాళీ చేసి, పుస్తకాలు మూటలు కట్టి పంపించేద్దామని పైవాళ్లు అనుకున్నారు. చూసి ఖాయం చేయడానికి ఒక పెద్ద సారు వస్తున్నాడని తెలిసింది.

ఆ మాట విన్న రోజు అత్త అన్నం ముట్టలేదు. అప్పటికి మామ పోయి ఎక్కువ రోజులు కాలేదు. ఇంట్లో మగ్గం ఆగింది. నేను ఫోన్ చేస్తే ఒక్క మాటే అంది. "మీ మామ పోయినంక గా పుస్తకాలే నన్ను నిలబెట్టినయి బిడ్డా. గవ్వి గిట్ల పోతే నేనేం గావాలె?" మరుసటి రోజే సెలవు పెట్టి పోయాను.

పెద్ద సారు వచ్చేసరికి వీధి ఆడవాళ్లంతా రాట్నాలు ఆపి లైబ్రరీలో నిలబడ్డారు. ఆయన మంచివాడే. రిజిస్టరు తిరగేసి, ఇందులో ఒక్కరి పేరే ఉంది, ఇన్ని బీరువాలు మీ ఒక్కరి కోసమా అమ్మా అని అడిగాడు. అత్త ఒక డిటెక్టివ్ నవల తీసి ఆయన చేతిలో పెట్టింది. కుట్టుకు గుత్తిగా వేలాడుతున్న పోగులను ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ ముడి నాది సారు" అని వెనక నుంచి ఒకామె అంది. ఇంకొకామె ముందుకొచ్చి తన ముడి చూపించింది. తర్వాత ఇంకొకామె. ఆయన నవ్వి, కార్డులు తీసుకోక ఇదేం పని తల్లీ అన్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పరీక్షలకు చదివే ఒక అమ్మాయి లేచింది. సూటిగా అడిగింది. "మరి మేమేడ కూసోవాలె పెద్దమ్మా? మా ఇంట్ల చదువుదామంటే జాగ లేదు."  నాకు ఆ పిల్ల మీద కోపమొచ్చింది. అత్తకు రాలేదు. కాసేపు ఆ బీరువాల వైపు, కాసేపు గోడల వైపు చూసి చెప్పింది.

"నీ మాట నిజమే బిడ్డా. బీరువాలు తీసెయ్యుండ్రి. నేల మీకు, గోడ మాకు."

పెద్ద సారు సరేనన్నాడు. ఆ వారమే ఆగిపోయిన మా మామ మగ్గాన్ని బావతో విప్పించింది. నాకు ప్రాణం ఉసూరుమంది గానీ అడ్డు చెప్పలేదు. వీధిలో మూలపడ్డ మగ్గాల చెక్కలన్నీ లైబ్రరీకి కదిలాయి. పరీక్షల పిల్లలే గోడలకు మేకులు కొట్టారు, తలల పైన చుట్టూతా అరలు లేచాయి. ఏ రకం ఎక్కడ ఉండాలో అత్తే నిర్ణయించింది. డిటెక్టివ్ నవలలు చేతికందే వరుసలో. నా దయ్యాలకు కిటికీ పక్కన చోటిచ్చింది, వెలుతురులో ఉంటే బుద్ధిగా ఉంటాయని. కన్నీళ్ల నవలలన్నీ అన్నిటికన్నా పైన. ఏడ్వాలనుకునేవాళ్లను నిచ్చెన ఎక్కనిమ్మంది! ఒక్క పుస్తకం మూట కట్టలేదు, ఒక్క పిల్ల నిలబడి చదవలేదు. ఆ రోజు మా అత్త నడిచిన నడక చూడాల్సింది. ఊరికి రాణి అయినా అట్లా నడవదు.

ఆ తర్వాత వీధిలో కార్డులే కార్డులు. పరీక్షల పిల్లలు కూడా లెక్కలు బుర్రకెక్కనప్పుడు చెయ్యెత్తి ఒక నవల అందుకోవడం నేర్చుకున్నారు.

పది రోజులు ముగిశాక ఆమెను తలుచుకోవడానికి లైబ్రరీలోనే కూడుకున్నాం. ఎవరికీ ఉపన్యాసాలు రావు. ఆ రోజు లేచి అడిగిన అమ్మాయి ఇప్పుడు పక్క మండలంలో ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్లే అర మీది నుంచి ఒక డిటెక్టివ్ నవల తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ గుసగుస కూడా వినపడని ఆ హాల్లో ఆడవాళ్లు, పిల్లలు, మా బావ, అందరం నేల మీద దగ్గర దగ్గరగా కూర్చుని విన్నాం. కథలో పాలవాడు హత్య జరిగిన ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. మూసే వేళ అయింది. లైబ్రరీ సారు తాళం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ అమ్మాయి చదవడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

"గా పాలోడు వచ్చేటాళ్లకు తలుపు తెరిచి ఉన్నదన్నవా, మూసి ఉన్నదన్నవా? జర మల్ల చదువు బిడ్డా" అని, తాళం ఒళ్లో పెట్టుకుని మా మధ్య కూర్చున్నారు.