వీరుడి కాలానికి ఏ కెమెరా పట్టుకుపోవాలి?

ఈ ప్రయాణం వీరగల్లుల మీద ప్రేమతో మొదలు కాలేదు, మస్తాన్ మీద ఏడుపుతో మొదలైంది. మదనపల్లెలో నాది పెళ్లిళ్ల ఫోటో స్టూడియో. రెండు వీధుల అవతల మస్తాన్‌దీ అదే పని. పశువుల మందను కాపాడుతూ చనిపోయిన వీరులకు పూర్వం నిలబెట్టిన రాళ్ల మీద బెంగుళూరు ప్రచురణకర్త ఒకాయన ఫోటోల పుస్తకం వేస్తున్నారు. మా ఇద్దరిలో ఒకరికే ఆ పని. కుప్పం దగ్గరున్న ఒక రాయిని ఇద్దరమూ ఫోటో తీసి పంపాలి. దాంతోపాటు ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: ఆ వీరుడి కాలానికి ఒక్కరోజు పంపిస్తే ఏ కెమెరా పట్టుకుపోతారు?

నేను వారం రోజులు ఆలోచించాను. కత్తులు దూసుకునే చోట దగ్గరికి పోలేం కాబట్టి పెద్ద జూమ్ లెన్సు, దుమ్ముకు ఆగే కెమెరా, అక్కడ కరెంటు ఉండదు కాబట్టి అరడజను బ్యాటరీలు. ఈ జాబితాను ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో గర్వంగా పెట్టాను. మస్తాన్ ఒక్క ముక్కే రాశాడు: బ్యాటరీ అక్కర్లేని పాత రీలు కెమెరా, ఒక లెన్సు. గ్రూపంతా అతనికి చప్పట్లు. నాకు కడుపు మండిపోయింది. ఆ రీలు కెమెరా ఇక పనికిరాదని పోయినేడు అతనికి అమ్మింది నేనే. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇది మా ఇంటి కూరే, పొరుగింటికి పోయాక రుచెక్కింది.

ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరం ఒకే బస్సెక్కాం. విడిగా పోవచ్చు గానీ, నాకన్నా ముందు అతను చేరితే ఎలా? పుంగనూరుకు గంట పట్టింది. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం. వడ్డించే ఆమె అడక్కుండానే మస్తాన్‌కు రెండోసారి చట్నీ వేసింది. నేను అడిగితే వేసింది. అక్కడి నుంచి పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారుతూ కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. ఛార్జీలు మనిషికి రెండు వందల లోపే. ఊరి బయట రాయి దగ్గరికి పోనూ రానూ ఆటోకు ఐదు వందలు.

"ఆటో యాడిదాకా పోతాదప్పా?" అని అడిగాను.

"మల్బరీ తోట గట్టు దాకా పోతాదన్నా. ఆన్నించి నడవాల," అన్నాడు డ్రైవరు.

తోట చివర నడుమెత్తున రాయి. వానలకు అరిగి, చెయ్యేదో కత్తేదో తెలియడం లేదు. చెక్కడం తేలాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి కాబట్టి నా చిన్న ఎల్‌ఈడీ లైటు తీసి అమర్చుకుంటున్నాను. అంతలో ఆ తోట యజమానురాలు మునెమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. ఆ రాయి వాళ్లింటి దేవుడట.

"యాల తొందర? సామికి ఇంకా నీళ్లు పొయ్యలా," అంది.

"ముందు ఒక్క ఫోటో తీసుకుంటానమ్మా. పసుపు పూస్తే చెక్కడం కనబడదు."

"బోడిగా తీస్తావాప్పా? పెండ్లికొడుకును స్నానం చెయ్యకముందే తీస్తే ఊరుకుంటారా?"

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరుకు ఈ మాట అనిపించుకోవడం కన్నా సిగ్గుచేటు లేదు. ఇటు నేను వాదిస్తుండగానే అటు మస్తాన్ బోరు దగ్గర బిందె నింపుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు. మంచివాడనిపించుకోవడం అతనికి ఎంత తేలిక!

మునెమ్మ రాయిని కడిగి అరచేత్తో పసుపు రుద్దింది. ఎత్తుగా ఉన్న చోటే పసుపు అంటుకుంది, పల్లం నల్లగా మిగిలింది. అరిగిపోయిన వీరుడు ఎత్తిన కత్తితో, వెనకున్న రెండు ఆవులతో సహా బయటికొచ్చాడు. నేను వాదన కట్టిపెట్టి లైటు పక్కకు జరిపి ఫోటోలు తీశాను.

నీడకు చేరాక ఆమెకు ప్రచురణకర్త ప్రశ్న చెప్పాను. "ఆ కాలానికి పోతే ఏం తీస్తారప్పా?" అని అడిగింది.

"ఈయన పోరాడేది తీస్తా," అన్నాను.

మస్తాన్ రీలు తిప్పుకుంటూ, "నేనైతే ముందురోజే పోయి, 'రేపు పశువుల యెనక పోవద్దన్నా' అని చెప్పేస్తానమ్మా. ఫోటో మళ్లీ సూసుకుందాం," అన్నాడు.

"ఆయన ఇంటాడా? పోనే పోతాడు," అని మునెమ్మ నవ్వింది.

వాళ్లిద్దరూ నవ్వుతుంటే నేను లెన్సు తుడుచుకున్నాను. వారం రోజులు ఆలోచించి ఆ మనిషి చావుకు సరైన దూరం లెక్కగట్టానే గానీ, ఆపాలన్న ఊహ నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆ కెమెరానైతే డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ బుద్ధిని ఎక్కడ కొనుక్కోవాలో తెలియక ఇంకా కుళ్లుకున్నాను.

మీరు వెళ్లేట్టయితే కుప్పం బస్టాండులోనే పసుపు, పూలు కొనుక్కోండి. ఇంటివాళ్లను అడిగి, పూజయ్యాక పక్క వెలుతురులో తీయండి. ఆ రాళ్లకు అంతకన్నా మంచి మేకప్పు లేదు.

కొన్నాళ్లకు బెంగుళూరు నుంచి ఫోనొచ్చింది. పక్క వెలుతురులో తీసిన నా ఫోటో నచ్చిందట, పని నాకే ఇచ్చారు. ఆ సాయంత్రం మస్తాన్ జిలేబీ పొట్లంతో స్టూడియోకొచ్చి, "మనకే వచ్చిందన్నా," అన్నాడు. అతని ముఖంలో ఎక్కడైనా బాధ దొరుకుతుందేమోనని వెతికాను. లేదు. ఆ పని అతనికి వచ్చి ఉంటే ఆ పూట నేను షట్టరు దించుకుని లోపల కూర్చునేవాణ్ని. గెలిచింది నేనే. అయినా జిలేబీ తింటూ ఆ మనిషిని చూసి నా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.