పక్కింటి అక్క చెక్కిన విల్లు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్ అంతా తలుపులు బిగించుకున్న ఎండాకాలంలో, మా పక్కింటి అక్క మేడ మీద విల్లు తయారుచేసింది. పిల్లలు ఆడుకునే విల్లు కాదు, పోటీల్లో వాడే నిలువెత్తు విల్లు. ఆ విల్లు విరగడానికి కారణం నేనే. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గులేదు. జుట్టు నెరిశాక కొన్ని సిగ్గులు వాటంతటవే రాలిపోతాయి.

మేము సూరత్ శివార్లలోని భేస్తాన్‌లో ఉండేవాళ్ళం. నాన్నది రైల్వే ఉద్యోగం. పక్కింటివాళ్ళు మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళమ్మాయే ఈ అక్క. కాలేజీలో చదువుతూ విలువిద్య నేర్చుకునేది. చెక్క విల్లుతో ఆడే పోటీల రాష్ట్ర జట్టు ఎంపికకు ఆమెకు పిలుపు వచ్చింది, ఆ వెనకే లాక్‌డౌన్ వచ్చింది. ఆమె వాడే విల్లు శిక్షణ కేంద్రంవాళ్ళది కావడంతో తాళం వేసిన గదిలో ఉండిపోయింది. ఎంపిక ఎప్పుడు పెడతారో తెలియదు. పెట్టేనాటికి భుజాలు మొద్దుబారిపోతే నాలుగేళ్ళ కష్టం నీళ్ళపాలు. అందుకని విల్లు తనే చేసుకుంటానని పట్టుబట్టింది.

పాత వెదురు నిచ్చెనను చీల్చి పలచని బద్ద ఒకటి తీసింది. మూలన పడి ఉన్న టేకు తలుపు నుంచి వాళ్ళ నాన్న రెండు సన్నని పట్టీలు కోసి ఇచ్చాడు. మూడింటికీ జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బిర్రుగా చుట్టింది. నాలుగు రోజుల తర్వాత విప్పితే మూడూ ఒకే చెక్క అయిపోయాయి. మగ్గం మీది నైలాను దారాన్ని పేని నారి కట్టింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. విల్లు లాగినప్పుడు పై సగం, కింద సగం ఒకే తీరుగా వంగాలి. ఎక్కడ బిగుసుకుని ఉంటే అక్కడ లోపలివైపు గాజుపెంకుతో గీకి పలచన చేయాలి. ఎక్కడ మరీ ఎక్కువ వంగుతుంటే ఆ చోటు ముట్టుకోకూడదు. అక్క మెట్లగది గోడ మేకుకు విల్లు అడ్డంగా తగిలించి, నారికి తాడు కట్టి, కొద్దికొద్దిగా కిందికి లాగేది. ఎడమవైపుది పై సగం, కుడివైపుది కింద సగం. కానీ లాగే మనిషికి అంత దగ్గర నుంచి వంపు తెలియదు. ఫోనులో తీసుకుని చూద్దామంటే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడి క్లాసులకే సరిపోయేది. వాళ్ళ మేడ ఇరుకు, ఇంట్లోవాళ్ళు దూరం జరిగి చూసే చోటు లేదు. రెండు మేడల మధ్య సందు ఉంది, ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు. మా పిట్టగోడ దగ్గర నిలబడితే మాత్రం ఆ గోడ నిలువునా కనిపించేది.

“ఓ పిల్లా, జర చూసి చెప్పరాదూ. ఏడ వంగుతున్నది, ఏడ వంగుతలేదు?” అని ఒక సాయంత్రం అక్క కేకేసింది.

అలా తొమ్మిదేళ్ళకే నాకు ఉద్యోగం దొరికింది. స్కూలు లేదు, ఆటలు లేవు, ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు. అలాంటిది కాలేజీ చదివే అక్క నన్ను అడుగుతోంది. నేను మాస్కులోంచే “పై సగంలో, చివరికి జానెడు ఇవతల!” అని అరిచేదాన్ని. ఆమె అక్కడ పెన్సిలు గుర్తు పెట్టి, గీకి, చెక్కకు అలవాటయ్యేలా ముప్పైసార్లు లాగి వదిలి, మళ్ళీ అడిగేది. రెండు వారాలు ఇదే పని. నాకు విసుగొచ్చింది. మొదటి బాణం ఎప్పుడు వేస్తుందా అని ఒకటే ఆత్రం.

ఒకరోజు అక్క ముఖం వెలిగిపోతూ మేడెక్కింది. రెండు నెలల్లో ఎంపిక పెడతారని కబురొచ్చిందట. ఆ ఊపులో విల్లు లాగి ఎలా ఉందని అడిగింది. కింద సగంలో ఒకచోట విల్లు మోచేయిలా మడతపడటం నాకు స్పష్టంగా కనిపించింది. కానీ ఆ సంతోషం పాడుచేయడానికి మనసొప్పలేదు. బాణం చూడాలన్న కక్కుర్తి కూడా ఉందని ఒప్పుకోవాలి. “సమంగా ఉందక్కా, చాలా బాగుంది” అన్నాను.

ఆమె విల్లు చేతిలోకి తీసుకుని చెవిదాకా లాగింది. ఫట్టుమని విరిగింది. వెదురు పేడు ఆమె ముంజేతిని చీరేసింది. నెత్తురు చూసి నేను పిట్టగోడ వెనక దాక్కున్నాను. రెండు రోజులు కడుపునొప్పని అమ్మకు అబద్ధం చెప్పి మేడెక్కలేదు.

మూడోరోజు అక్కే పిలిచింది. చేతికి కట్టు ఉంది. విరిగిన రెండు ముక్కలూ కలిపి పట్టుకుని, ఆ చోటు ముందే కనబడిందా అని అడిగింది. కనబడిందన్నాను. ఎందుకు చెప్పలేదంటే, నువ్వు బాధపడతావని అన్నాను. అప్పుడు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

“నువ్వు బాగున్నదంటే అది బాగైతదా?” అంది. ముక్కలు పక్కన పడేసి, “ఇంకో బద్ద చీల్చిన. జిగురు ఆరినాక మేడెక్కు, మల్ల నువ్వే చూడాలె” అంది.

నేనేనా అని అడిగాను.

“నువ్వే. దాచిపెడితే ఏమైతదో తెలిసినదానివి గదా. కొత్తవాళ్ళను పెడితే మల్ల మొదటికొస్తది.”

రెండో విల్లు కోసం వాళ్ళ వంటింటి అలమార తలుపు పోయింది. వాళ్ళమ్మ నెలరోజులు సణిగింది. ఈసారి నేను అక్కను ముప్పుతిప్పలు పెట్టాను. ఇంకా కాదు, ఇంకా కాదు అని రోజూ అదే మాట. ఎంపిక దగ్గరపడింది. ఒక సాయంత్రం అక్క గాజుపెంకు విసిరికొట్టింది.

“ఇంకెన్ని దినాలే? ఒక్కసారి బాగున్నదని చెప్పరాదా!”

ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. నాకూ ఏడుపొచ్చింది. ఆ క్షణం ఆమె కోరింది ఇచ్చేస్తే ఎంత బాగుండునో అనిపించింది. “లేదక్కా, పై సగం ఇంకా బిగుసుకునే ఉంది” అన్నాను. ఆమె నావైపు కోపంగా చూసింది. తర్వాత వంగి, పెంకు ముక్కల్లో పెద్దది ఏరుకుని గీకడం మొదలుపెట్టింది.

మరో మూడు సాయంత్రాలకు ఆ విల్లు రెండువైపులా ఒకే తీరుగా వంగింది. బాగుందని నేను అరిచాను. అక్క రెండోసారి అడగలేదు. నా మాట మీదే చెవిదాకా లాగి, బట్టల పీలికలు కుక్కిన గోనెసంచిలోకి బాణం వదిలింది. ఆ తర్వాత ఆమె ఎంపికైంది, ఆ ముచ్చట వాడంతా చెప్పుకుంది. నాకు మాత్రం ఆమె అలా అడగకుండా లాగడమే ఈనాటికీ కళ్ళముందు ఉంది.

ఇప్పుడు కూతురు కొత్త ఇంటి ప్లాను తెచ్చినా, మనవరాలు తను రాసింది చదివి వినిపించినా, ఎలా ఉందని అడుగుతూ నా ముఖం వంకే చూస్తారు. నేను వాళ్ళ ముఖం వంక చూడను, తెచ్చినదాన్ని చూస్తాను. చూసినది చూసినట్టు చెబుతాను. నొచ్చుకుంటారు, రెండు రోజులు మాట్లాడరు. మూడోరోజు దిద్దుకుని మళ్ళీ నా దగ్గరికే వస్తారు.