విరిగిన నెత్తురు

ఆ రోజు తప్పు నాదే. నెత్తురు పరీక్షించే గాజుగొట్టాలను సబ్బుతో కడిగాను. సబ్బు అంటితే మంచి నెత్తురు కూడా గడ్డకట్టదు.

జీడితోటలో పింజరి జాతి పచ్చపాము కరిచిందని మా శ్రీకాకుళం ఆసుపత్రికి తెచ్చిన ముసలామెకు నేనంటే గిట్టేది కాదు. సూదితో వెళ్తే చెయ్యి నడుము కింద దాచుకునేది.

"నా రత్తం తాగడానికే పుట్టినావేటిరా?"

ఇరవై నిమిషాలైనా ఆమె నెత్తురు గడ్డకట్టలేదని డాక్టరుకు చెప్పాను. విషం నెత్తురులోకి ఎక్కిందనుకుని ఆయన విరుగుడు మందు ఎక్కించారు. అది పడక ఆమె ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరాడక గిలగిలలాడింది. ముసలిదాని నెత్తురు విరిగిపోయింది, ఇక పనికిరాదని వార్డంతా చెప్పుకున్నారు.

అప్పుడు సబ్బు గుర్తొచ్చింది. నా నెత్తురు తీసి, అలా కడిగిన మరో గొట్టంలోనే పోశాను. అదీ గడ్డకట్టలేదు. డాక్టరుకు ఉన్నది చెప్పి తిట్లు తిన్నాను. ఆమె తేరుకున్నాక ఆ గొట్టం ఆమె ముందు వంచి, "ఇది నా నెత్తురమ్మా, తప్పు నాది" అన్నాను.

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"అయితే నీ రత్తమే ఇరిగిపోనాదిరా సచ్చినోడా! నాకు సూపిస్తే ఏటి లాభం? వార్డులో ఆలందరికీ సూపించు."

ప్రతి మంచం దగ్గరా ఆగి, గొట్టం వంచి, తప్పు నాదని చెప్పాను.